సేల్స్‌ఫోర్స్‌లో ఏ బృందానికి తగిన హోమ్ పేజీ ఆ బృందానికి: అమర్చే విధానం

అమ్మకాలు, కస్టమర్ల వివరాలు నిర్వహించే సాఫ్ట్‌వేర్ అయిన సేల్స్‌ఫోర్స్ వాడే అనేక సంస్థలలో హోమ్ పేజీ మొదటి రోజు ఎలా వచ్చిందో ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. మండలాలు తిరిగి ఆర్డర్లు తెచ్చే సేల్స్ ప్రతినిధికీ, రోజంతా ఫోన్‌లో ఫిర్యాదులు నమోదు చేసుకునే కస్టమర్ కేర్ ఉద్యోగినికీ, వారందరి పనినీ చూసుకోవలసిన ఏరియా మేనేజరుకూ లాగిన్ కాగానే అదే త్రైమాసిక అమ్మకాల గ్రాఫ్, అవే వార్తలు, అదే నేటి పనుల జాబితా కనబడతాయి. అమ్మకాలతో సంబంధమే లేని కస్టమర్ కేర్ ఉద్యోగినికి ఆ గ్రాఫ్ చూసి చేయగలిగింది ఏమీ లేదు కాబట్టి, పేజీ పూర్తిగా తెరుచుకోకముందే ఆమె ఫిర్యాదులు ఉండే కేసెస్ ట్యాబ్ నొక్కేస్తుంది. మేనేజరు తనకు కావలసిన అంకెల కోసం డ్యాష్‌బోర్డుల జాబితాలోకి వెళ్లి వెతుక్కుంటాడు. అందరి కళ్లూ రోజుకు ఒక్కసారైనా పడే పేజీ ఆ విధంగా ఎవరికీ పనికిరాకుండా పోతుంది.

దీనిని సరిచేయడానికి కోడ్ రాయనక్కరలేదు. 2015లో లైట్నింగ్ ఎక్స్‌పీరియన్స్ పేరుతో వచ్చిన కొత్త తెరలలో హోమ్ పేజీని లైట్నింగ్ యాప్ బిల్డర్ అనే సాధనంతో తయారు చేసి, ఎవరికి ఏ పేజీ కనబడాలో అక్కడికక్కడే నిర్ణయించవచ్చు. ఇందుకు మీ యూజర్‌కు ‘కస్టమైజ్ అప్లికేషన్’ అనే అనుమతి ఉండాలి. అడ్మిన్‌గా పనిచేసేవారికి అది ఎలాగూ ఉంటుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో గానీ, ఇంటి దగ్గర సొంతంగా గానీ అడ్మిన్ కోర్సు నేర్చుకుంటున్నవారు సేల్స్‌ఫోర్స్ ఉచితంగా ఇచ్చే డెవలపర్ ఎడిషన్‌లో, శాండ్‌బాక్స్ నుంచి ప్రొడక్షన్‌కు పంపడం తప్ప, ఇక్కడ చెప్పిన పనులన్నీ చేసి చూడవచ్చు. ఉద్యోగంలో ఉన్నవారు మాత్రం ముందు శాండ్‌బాక్స్‌లో (పరీక్షల కోసం ఉండే నకలులో) చేసి, ఆ తరువాతే ప్రొడక్షన్‌కు (అందరూ రోజూ పనిచేసే అసలు వ్యవస్థకు) తీసుకువెళ్లాలి. ఈ వ్యాసం కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరుచుకునే హోమ్ పేజీకి పరిమితం. మొబైల్ యాప్‌లో కూడా ఇదే అమరిక వస్తుందని అనుకోకుండా, ఫోన్‌లో ఏమి కనబడుతోందో విడిగా చూసుకోవడం మంచిది.

బృందాలను తేల్చుకోవడం

యాప్ బిల్డర్ తెరవడానికి ముందు చేయవలసిన పని ఒకటుంది, చాలామంది దాటవేసేది కూడా అదే. ఏ బృందానికి వేరే పేజీ కావాలో నిర్ణయించేటప్పుడు సాధారణంగా విభాగాధిపతులను కూర్చోబెట్టి అడుగుతారు. వారు హోదాల జాబితా చెబుతారు. జూనియర్ ఎగ్జిక్యూటివ్, సీనియర్ ఎగ్జిక్యూటివ్, అసిస్టెంట్ మేనేజర్, మేనేజర్ అంటూ ఆ జాబితా సాగిపోతుంది గానీ, జూనియరూ సీనియరూ పొద్దున్నే తెరిచేది ఒకే జాబితా అయినప్పుడు వారికి రెండు పేజీలు అవసరం లేదు. హోదాను కాకుండా పనిని బట్టి విభజించాలి. అది తెలుసుకోవడానికి అన్నిటికన్నా తేలికైన మార్గం, ఒక్కో రకం ఉద్యోగి పక్కన ఒక ఉదయం కూర్చుని, లాగిన్ అయిన తరువాత వారు మొదట తెరిచే నాలుగైదు తెరలను వరుసగా రాసుకోవడం. నోటితో చెప్పేదానికీ, చేత్తో నొక్కేదానికీ తరచుగా తేడా ఉంటుంది, రాసుకోవలసింది నొక్కేదే.

ఉదాహరణకు, వ్యవసాయ పంపుసెట్లు అమ్మి, అమ్మిన తరువాత మరమ్మతులు కూడా చూసుకునే ఒక మధ్యతరహా సంస్థను ఊహించుకుందాం. అక్కడి సేల్స్ ప్రతినిధి మొదట చూసేది ఈరోజు కలవవలసిన డీలర్లు, ఈ నెలలో ముగియవలసిన ఆపర్చునిటీలు (ఇంకా ఖరారు కావలసిన అమ్మకాలు). కస్టమర్ కేర్ ఉద్యోగిని చూసేది తన పేరు మీద తెరిచి ఉన్న కేసులు, ఇంకా ఎవరికీ అప్పగించని కేసుల క్యూ. ఏరియా మేనేజరు చూసేది తన బృందం త్రైమాసిక లక్ష్యంలో ఎక్కడ ఉందన్నది, ఆ పైన తన ఆమోదం కోసం ఆగి ఉన్న డిస్కౌంట్లు. లెక్కల విభాగంవారు వారానికి ఒకసారి ఏదో ఒక రికార్డు చూడడానికి వస్తారు. వారికి ప్రత్యేకంగా ఏమీ చేయనవసరం లేదు, ఇటీవల చూసిన రికార్డుల జాబితా ఒక్కటి ఉంటే చాలు. అంటే ఈ సంస్థకు మూడు పేజీలు, మిగిలిన వారందరికీ ఒక సాధారణ పేజీ కావాలి. ఈ సంస్థనే వ్యాసమంతా ఉదాహరణగా తీసుకుంటాను.

ఈ దశలోనే ఎవరో ఒకరు ఎండీ గారి సందేశమూ ఫోటోతో ఒక పెద్ద బ్యానర్ పేజీ పైభాగంలో పెట్టమని తప్పకుండా అడుగుతారు. కాదనడం కష్టమే కాబట్టి, దానిని పక్క కాలమ్‌లో అడుగున పెడతామని మర్యాదగా ఒప్పించడానికి ప్రయత్నించండి. పై వరుసలో ఉన్న స్థలం చాలా విలువైనది.

పేజీని మార్చాలా, పేజీలోని భాగాన్ని మార్చాలా?

సేల్స్‌ఫోర్స్ ఈ పనికి రెండు మార్గాలు ఇస్తుంది. మొదటిది, వేర్వేరు పేజీలు తయారు చేసి ఒక్కోదాన్ని ఒక్కో బృందానికి కేటాయించడం. రెండోది, ఒకే పేజీలో అన్ని కాంపొనెంట్లూ (జాబితా, గ్రాఫ్ వంటి పేజీ భాగాలు) ఉంచి, ఏ కాంపొనెంట్ ఎవరికి కనబడాలో షరతులు పెట్టడం. దీనిని కాంపొనెంట్ విజిబిలిటీ అంటారు. ఎక్కడ ఏది వాడాలో తెలియకుండా మొదలుపెడితే కొన్నాళ్లకే చిక్కులు వస్తాయి. పేజీలు మరీ ఎక్కువైతే, సెలవుల నోటీసు వంటి చిన్న మార్పును కూడా అన్ని పేజీలలోనూ విడివిడిగా చేయాల్సి వస్తుంది, ఏదో ఒక పేజీ మరచిపోవడం ఖాయం. అన్నింటినీ ఒకే పేజీలో కుక్కి షరతులు పెడితే, ఒక ఉద్యోగికి ఫలానా కాంపొనెంట్ ఎందుకు కనబడడం లేదో తెలుసుకోవడానికి ఒక్కో కాంపొనెంట్ తెరిచి దాని ఫిల్టర్లు చదవవలసి ఉంటుంది.

నేను పాటించే నియమం ఇది: పేజీ రూపురేఖలే వేరుగా ఉండాలంటే, అంటే ఒకరికి వెడల్పాటి జాబితా పైన కావాలి, మరొకరికి డ్యాష్‌బోర్డు పేజీ అంతా పరచుకోవాలి అన్నప్పుడు, వేరే పేజీ చేయాలి. రూపు అదే ఉండి ఒకటి రెండు కాంపొనెంట్లు మాత్రమే ఎక్కువ తక్కువలు అయితే విజిబిలిటీతో సరిపెట్టాలి. మన ఉదాహరణలో కస్టమర్ కేర్ వారికీ సేల్స్ వారికీ పేజీ రూపే వేరు. సేల్స్ ప్రతినిధులలో కొందరు సీనియర్లకు మాత్రం డిస్కౌంట్ ఆమోదాల జాబితా కూడా కనబడాలన్నది రెండో రకం అవసరం. దాని కోసం మరో పేజీ సృష్టించకూడదు.

పేజీ తయారు చేయడం

సెటప్‌లోకి వెళ్లి, ఎడమవైపు క్విక్ ఫైండ్ పెట్టెలో లైట్నింగ్ యాప్ బిల్డర్ అని టైప్ చేసి తెరవండి. ‘న్యూ’ నొక్కి, పేజీ రకాలలో హోమ్ పేజ్‌ను ఎంచుకుని, దానికి ఒక పేరు పెట్టండి. ‘కొత్త హోమ్ 2’ వంటి పేర్లు పెడితే ఆరు నెలల తరువాత అది ఎవరి పేజీయో మీకే తెలియదు కాబట్టి, ‘హోమ్ - కస్టమర్ కేర్’, ‘హోమ్ - సేల్స్ ఫీల్డ్’ అన్నట్లు బృందం పేరు అందులోనే ఉండేలా చూడండి. ఆ తరువాత టెంప్లేట్ అడుగుతుంది. కాలమ్‌ల సంఖ్య, పైన హెడర్ ఉండడం లేదా ఉండకపోవడం వంటి తేడాలతో అవి వరుసగా కనిపిస్తాయి. బృందం పనిని గుర్తుచేసుకుని ఎంచుకోండి. హోమ్ పేజీ తెరిచి ఉన్నప్పుడు పైన కుడివైపు ఉన్న గేర్ గుర్తులో ‘ఎడిట్ పేజ్’ నొక్కినా యాప్ బిల్డర్‌లోకే చేరతారు. మీరు అప్పటివరకు వాడుతున్నది సేల్స్‌ఫోర్స్ ఇచ్చిన ప్రామాణిక పేజీ అయితే, దాన్ని మార్చకుండా దాని నకలు ఒకటి తయారు చేసి ఇస్తుంది.

యాప్ బిల్డర్‌లో ఎడమవైపు కాంపొనెంట్లు, మధ్యలో పేజీ, కుడివైపు ఎంచుకున్న కాంపొనెంట్ వివరాలు ఉంటాయి. కస్టమర్ కేర్ పేజీ కోసం లిస్ట్ వ్యూ (పెట్టిన షరతులకు సరిపోయే రికార్డుల జాబితా) కాంపొనెంట్‌ను పై వెడల్పాటి స్థలంలోకి లాగి, కుడివైపు ఆబ్జెక్ట్‌గా (అంటే రికార్డుల రకంగా) కేసెస్‌ను, ఫిల్టర్‌గా ‘నా తెరిచి ఉన్న కేసులు’ అనే లిస్ట్ వ్యూను ఎంచుకోండి. దాని కింద మరో లిస్ట్ వ్యూ పెట్టి, అప్పగించని కేసుల క్యూను చూపించండి. పక్క కాలమ్‌లో నేటి టాస్కులు చాలు. ఇక్కడ గమనించవలసినది, లిస్ట్ వ్యూకు ఉన్న షేరింగ్. మీ ఒక్కరికే కనబడేలా సృష్టించిన లిస్ట్ వ్యూను పేజీలో పెడితే మీకు చక్కగా కనబడుతుంది గానీ ఉద్యోగులకు కనబడదు. కాబట్టి ముందుగా ఆ లిస్ట్ వ్యూను సంబంధిత బృందానికి షేర్ చేయాలి.

సేల్స్ ప్రతినిధి పేజీలో అసిస్టెంట్ అనే కాంపొనెంట్ ఉపయోగకరం. గడువు దాటిన టాస్కులు, 30 రోజులుగా కదలిక లేని ఆపర్చునిటీలు వంటివి అది తనంతట తానే గుర్తుచేస్తుంది. త్రైమాసిక పనితీరు గ్రాఫ్ కూడా ఇక్కడ అర్థవంతమే. ఆ త్రైమాసికంలో గెలిచి ముగించిన ఆపర్చునిటీలను, గెలిచే అవకాశం 70 శాతానికి మించి ఉన్నవాటిని అది చూపిస్తుంది కనుక, ప్రాబబిలిటీ అంకెలను ఎవరూ సరిగా నింపని సంస్థలో ఆ గ్రాఫ్ తప్పుదారి పట్టిస్తుంది. అటువంటి చోట దానిని తీసివేసి, ఈ నెలలో ముగియవలసిన ఆపర్చునిటీల లిస్ట్ వ్యూ పెట్టడమే మేలు.

పేజీలో కాంపొనెంట్లు పెరిగే కొద్దీ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. రోజువారీ అవసరం లేనివాటిని ట్యాబ్స్ కాంపొనెంట్‌లో రెండో, మూడో ట్యాబ్‌లో ఉంచితే, యూజర్ ఆ ట్యాబ్ నొక్కినప్పుడు మాత్రమే అవి లోడ్ అవుతాయి. ఊళ్లలో బలహీనమైన నెట్‌వర్క్ మీద ల్యాప్‌టాప్ తెరిచే ప్రతినిధులకు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కేటాయింపు: మూడు అంచెలు

పేజీని సేవ్ చేస్తే సరిపోదు, యాక్టివేట్ చేసేదాకా అది ఎవరికీ కనబడదు. పైన కుడివైపు ‘యాక్టివేషన్’ నొక్కగానే మూడు ట్యాబులు వస్తాయి. ఆర్గ్ డిఫాల్ట్ అంటే, ప్రత్యేక కేటాయింపు ఏదీ లేని ప్రతి ఒక్కరికీ కనబడే పేజీ. యాప్ డిఫాల్ట్ అంటే, ఫలానా లైట్నింగ్ యాప్‌లో (సేల్స్, సర్వీస్ వంటి, ఒక పనికి కావలసిన ట్యాబుల సమూహంలో) ఉన్నప్పుడు అందరికీ కనబడే పేజీ. యాప్ అండ్ ప్రొఫైల్ అంటే, ఫలానా యాప్‌లో ఉన్న ఫలానా ప్రొఫైల్ (ప్రతి యూజర్‌కూ ఒకటి ఇచ్చే మౌలిక అనుమతుల సమూహం) యూజర్లకు మాత్రమే కనబడే పేజీ. ఒక యూజర్‌కు మూడూ వర్తించినప్పుడు అన్నిటికన్నా నిర్దిష్టమైనదే నెగ్గుతుంది: యాప్ అండ్ ప్రొఫైల్ కేటాయింపు ఉంటే అది, లేకపోతే యాప్ డిఫాల్ట్, అదీ లేకపోతే ఆర్గ్ డిఫాల్ట్, ఏదీ లేకపోతే సేల్స్‌ఫోర్స్ ప్రామాణిక పేజీ.

మన సంస్థలో లెక్కల విభాగం వంటివారి కోసం చేసిన సాధారణ పేజీని ముందుగా ఆర్గ్ డిఫాల్ట్‌గా పెట్టండి. ఆ తరువాత కస్టమర్ కేర్ పేజీని తెరిచి, యాక్టివేషన్‌లో మూడో ట్యాబుకు వెళ్లి, పేజీని యాప్‌లకూ ప్రొఫైళ్లకూ కేటాయించే బటన్ నొక్కండి. మొదటి తెరలో సర్వీస్ యాప్‌ను, తరువాతి తెరలో కస్టమర్ కేర్ ప్రొఫైల్‌ను టిక్ చేస్తే, చివరగా సమీక్ష తెర వస్తుంది. అందులో ప్రతి వరుసలోనూ ఇప్పటివరకు ఉన్న పేజీ, ఇకపై రాబోయే పేజీ పక్కపక్కనే కనబడతాయి. ఆ తెరను చదవకుండా సేవ్ నొక్కవద్దు. ఒక యాప్, ఒక ప్రొఫైల్ జతకు ఒకే పేజీ ఉంటుంది కనుక, మరొకరు ఇంతకుముందు చేసిన కేటాయింపును మీది తోసివేస్తుందేమో తెలుసుకునే అవకాశం అక్కడే ఉంది.

ఇందులో యాప్ అనే మాటను తేలికగా తీసుకోకూడదు. ఏరియా మేనేజరు పొద్దున సేల్స్ యాప్‌లో పనిచేసి, మధ్యాహ్నం ఫిర్యాదుల సంగతి చూడడానికి సర్వీస్ యాప్‌కు మారితే, అతని హోమ్ పేజీ కూడా మారిపోతుంది. రెండు యాప్‌లలోనూ అతనికి మేనేజర్ పేజీయే కనబడాలంటే కేటాయింపులో రెండింటినీ టిక్ చేయాలి. హోమ్ పేజీ ఒక్కోసారి ఒక్కోలా వస్తోందని ఎవరైనా ఫిర్యాదు చేస్తే, మొదట అడగవలసిన ప్రశ్న వారు ఏ యాప్‌లో ఉన్నారన్నదే. దీనికి తోడు, యాప్‌లోని నావిగేషన్ జాబితాలో మొదటి స్థానంలో ఉన్న అంశమే ఆ యాప్ తెరవగానే కనబడుతుంది. హోమ్ ట్యాబ్ ఆ జాబితాలో లేకపోయినా, నాలుగో స్థానంలో ఉన్నా మీరు ఎంత శ్రద్ధగా తయారు చేసిన పేజీ అయినా వారి కంట పడదు. యాప్ మేనేజర్‌లో ఆ యాప్‌ను ఎడిట్ చేసి, నావిగేషన్ అంశాలలో హోమ్‌ను పైకి జరపండి. యూజర్లు తమ ఇష్టప్రకారం ఆ వరుసను మార్చుకునే సౌకర్యం ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. అవసరమైతే ఆ యాప్ వరకు దానిని ఆపివేసే సెట్టింగ్ ఉంది, కానీ ఎంతో అవసరమైతే తప్ప దాని జోలికి వెళ్లకపోవడమే నయం.

ప్రొఫైల్ చాలనప్పుడు

పేజీ కేటాయింపులో యాప్‌నూ ప్రొఫైల్‌నూ తప్ప మరి దేన్నీ ఎంచుకోలేము. రోల్ (సంస్థ అంతస్తులలో యూజర్ స్థానం), పబ్లిక్ గ్రూప్, పర్మిషన్ సెట్ (ప్రొఫైల్‌కు తోడు యూజర్లకు అదనంగా ఇచ్చే అనుమతుల కట్ట) అక్కడ దొరకవు. ఇక్కడే అసలు ఇబ్బంది ఎదురవుతుంది. అనుమతులను ప్రొఫైళ్లలో కాకుండా పర్మిషన్ సెట్లలో ఉంచమని సేల్స్‌ఫోర్స్ కొన్నేళ్లుగా సలహా ఇస్తోంది. ఆ సలహాను శ్రద్ధగా పాటించిన సంస్థలలో ఒకటో రెండో ప్రొఫైళ్లు మాత్రమే మిగిలి, ఉద్యోగుల మధ్య తేడాలన్నీ పర్మిషన్ సెట్లలోకి వెళ్లిపోయి ఉంటాయి. అటువంటి చోట హోమ్ పేజీ కోసం మళ్లీ ప్రొఫైళ్లు పెంచుకుంటూ పోవడం వెనుకడుగు అవుతుంది. దానికి బదులు రెండు పనులు చేయవచ్చు. పని పూర్తిగా వేరైన బృందాలకు వేరే లైట్నింగ్ యాప్ ఇచ్చి, యాప్ డిఫాల్ట్‌తో సరిపెట్టడం ఒకటి. పేజీ లోపల కస్టమ్ పర్మిషన్ ఆధారంగా కాంపొనెంట్లను చూపించడం రెండోది.

సీనియర్ ప్రతినిధులకు డిస్కౌంట్ ఆమోదాలు చూపించే ఉదాహరణతో ఈ రెండో పని చేసి చూద్దాం. సెటప్‌లో కస్టమ్ పర్మిషన్స్ తెరిచి, ‘హోమ్‌లో ఆమోదాలు చూపు’ అనే అర్థం వచ్చే పేరుతో ఒక కస్టమ్ పర్మిషన్ సృష్టించండి. ఇది స్వయంగా ఏ డేటానూ ఇవ్వదు, ఏ పనికీ అధికారం ఇవ్వదు. ఫలానా యూజర్‌కు ఇది ఉందా లేదా అని అడగడానికి మాత్రమే ఉపయోగపడే గుర్తు. ఆ తరువాత ఒక పర్మిషన్ సెట్ తెరిచి, అందులోని కస్టమ్ పర్మిషన్స్ విభాగంలో దీనిని చేర్చి, ఆ పర్మిషన్ సెట్‌ను సీనియర్ ప్రతినిధులకు ఇవ్వండి. ఇప్పుడు యాప్ బిల్డర్‌లో సేల్స్ పేజీ తెరిచి, ఆమోదం కోసం ఆగి ఉన్న అంశాలను చూపే కాంపొనెంట్‌ను పేజీలోకి లాగి, దానిని ఎంచుకుని, కుడివైపు పలకలో అడుగున ఉండే ‘సెట్ కాంపొనెంట్ విజిబిలిటీ’ దగ్గర ‘యాడ్ ఫిల్టర్’ నొక్కండి. పర్మిషన్స్ దారిలో వెళ్లి మీరు సృష్టించిన కస్టమ్ పర్మిషన్‌ను ఎంచుకుని, దాని విలువ ట్రూ అయి ఉండాలని పెట్టి సేవ్ చేయండి. రేపు మరో ప్రతినిధికి పదోన్నతి వచ్చినప్పుడు మీరు యాప్ బిల్డర్ తెరవనక్కరలేదు, అతనికి ఆ పర్మిషన్ సెట్ ఇస్తే చాలు. ఇచ్చే పనిని యూజర్లను నిర్వహించే సహోద్యోగి కూడా చేయగలరు.

ఇదే ఫిల్టర్‌ను యూజర్ ప్రొఫైల్ పేరు మీద గానీ, రోల్ పేరు మీద గానీ పెట్టే వీలు కూడా ఉంది, చాలామంది తొందరలో అదే చేస్తారు. అయితే అక్కడ పోల్చేది పేరునే. ‘సేల్స్ సీనియర్’ అనే పేరును ఎవరో ‘సీనియర్ సేల్స్’ అని మార్చిన రోజున ఆ కాంపొనెంట్ చడీచప్పుడు లేకుండా మాయమవుతుంది, తెర మీద తప్పు జరిగినట్లు ఏ సందేశమూ రాదు. ఫిల్టర్లు ఒకటికి మించి ఉన్నప్పుడు అన్నీ నిజం కావాలా, ఏదో ఒకటి నిజమైతే చాలా అన్నది కూడా అక్కడే ఎంచుకోవాలి. ఈ ఎంపికను గమనించకుండా వదిలేయడం వల్ల వచ్చే తికమకలు తక్కువేమీ కాదు.

మరో హెచ్చరిక. కాంపొనెంట్‌ను దాచడం గుమ్మానికి తెర కట్టడం వంటిదే, తాళం వేయడం కాదు. హోమ్ పేజీలో కనబడకుండా చేసిన రిపోర్టును, అనుమతి ఉన్న యూజర్ రిపోర్ట్స్ ట్యాబ్‌లో వెతికి తెరవగలడు. జీతాలు, మార్జిన్లు వంటి గోప్యమైన అంకెలను కాపాడవలసింది ఆబ్జెక్ట్ అనుమతులు, ఫీల్డ్ స్థాయి భద్రత, షేరింగ్ నియమాలు, రిపోర్ట్ ఫోల్డర్ల షేరింగ్. హోమ్ పేజీ అమరికను భద్రతా ఏర్పాటుగా ఎవరికీ చెప్పవద్దు, ఆడిట్ కాగితాలలో అసలే రాయవద్దు.

మేనేజర్ పేజీలో డ్యాష్‌బోర్డు

మేనేజర్ల పేజీకి డ్యాష్‌బోర్డు కాంపొనెంటే ప్రధానం. ఇక్కడ పేజీ ఎవరికి కనబడుతోందన్న ప్రశ్నతో పాటు, అందులోని అంకెలు ఎవరి కళ్లతో లెక్కించినవి అన్న ప్రశ్న కూడా వస్తుంది. డ్యాష్‌బోర్డు సెట్టింగులలో దానిని ఎవరిగా చూడాలన్నది ఎంచుకుంటాము. ఫలానా వ్యక్తిగా అని పెడితే, చూసే ప్రతి ఒక్కరికీ ఆ వ్యక్తికి అందుబాటులో ఉన్న డేటాతో లెక్కించిన అంకెలే కనబడతాయి. గుంటూరు మేనేజరూ వరంగల్ మేనేజరూ ఒకే మొత్తాన్ని చూస్తారు. చూసేవారిగా అని పెడితే ఎవరి డేటా వారికి కనబడుతుంది. వీటిని డైనమిక్ డ్యాష్‌బోర్డులు అంటారు. ఏరియా మేనేజర్లు ఎందరున్నా ఒక్క డైనమిక్ డ్యాష్‌బోర్డు, ఒక్క హోమ్ పేజీ సరిపోతాయి. అయితే ఇవి పరిమితం: ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో 5, అన్‌లిమిటెడ్‌లో 10, డెవలపర్ ఎడిషన్‌లో 3 మాత్రమే ఉంటాయి. కాబట్టి ఉన్నవాటిని ఎవరెవరు వాడుతున్నారో చూసుకుని, హోమ్ పేజీకి ఒకటి ముందే కేటాయించి పెట్టుకోండి.

డ్యాష్‌బోర్డు ఉన్న ఫోల్డర్, దాని వెనుక రిపోర్టులు ఉన్న ఫోల్డర్ రెండూ మేనేజర్లకు షేర్ అయి ఉండాలి. లేకపోతే పేజీ మధ్యలో దోష సందేశం ప్రత్యక్షమవుతుంది. డ్యాష్‌బోర్డు కాంపొనెంట్‌లో దోషం వస్తే దానిని దాచే ‘హైడ్ ఆన్ ఎర్రర్’ అనే టిక్ ఒకటుంది. పరీక్షించే దశలో అది ఉంచితే సమస్య కూడా దానితో పాటే దాగిపోతుంది కనుక, అంతా సరిగా ఉందని తేలిన తరువాతే పెట్టండి.

ఒక్కొక్కరిగా లాగిన్ అయి చూడడం

అడ్మిన్‌గా మీకు అన్నీ కనబడతాయి కాబట్టి మీ తెర మీద చూసింది పరీక్షగా లెక్కకు రాదు. సెటప్‌లోని లాగిన్ యాక్సెస్ పాలసీస్‌లో అడ్మిన్లు ఏ యూజర్‌గానైనా లాగిన్ కావచ్చనే సెట్టింగ్ ఆన్ చేసి ఉంటే, యూజర్ల జాబితాలో వారి పేరు పక్కన ఉన్న ‘లాగిన్’ నొక్కి వారికి కనబడేది అచ్చంగా చూడవచ్చు. ప్రతి బృందం నుంచి ఒకరిని చూడడం ఎలాగూ చేస్తారు. వారితో పాటు మరి ముగ్గురిని తప్పక చూడాలని నా మాట: రెండు బృందాల పనీ చేసేవారు, ఏ బృందానికీ చెందనివారు, నిన్ననే చేరి తమ పేరు మీద ఒక్క రికార్డు కూడా లేనివారు. మూడో వ్యక్తి పేజీ సాధారణంగా ఖాళీ జాబితాలతో నిండి వెలవెలబోతుంది. అతనికి ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే రెండు వాక్యాల రిచ్ టెక్స్ట్ కాంపొనెంట్ ఒకటి పెడితే శిక్షణ ఇచ్చేవారి పని కూడా తగ్గుతుంది. షరతుల వల్ల ఒక కాలమ్‌లోని కాంపొనెంట్లన్నీ దాగిపోయే యూజర్ ఎవరైనా ఉన్నారేమో, ఉంటే వారి పేజీ ఎలా కనబడుతోందో కూడా ఇదే సమయంలో చూడండి.

మార్పు వెంటనే కనబడకపోతే కంగారు పడనవసరం లేదు. వేగం కోసం సేల్స్‌ఫోర్స్ బ్రౌజర్‌లో కొంత సమాచారాన్ని నిల్వ ఉంచుకుంటుంది కనుక, ఒకసారి రిఫ్రెష్ చేసి, అప్పటికీ రాకపోతే లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయి చూడమనండి. ఉద్యోగుల నుంచి ఫోన్లు వచ్చాక చెప్పేకన్నా, కొత్త పేజీ వస్తున్న రోజున పంపే మెయిల్‌లోనే ఈ మాట రాయడం మేలు.

శాండ్‌బాక్స్ నుంచి ప్రొడక్షన్‌కు

శాండ్‌బాక్స్‌లోని మార్పులను ప్రొడక్షన్‌కు పంపే కట్ట అయిన చేంజ్ సెట్‌లో లైట్నింగ్ పేజీని చేర్చి పంపితే, ప్రొడక్షన్‌లో పేజీ ప్రత్యక్షమవుతుంది గానీ ఎవరికీ కనబడదు. కారణం ఏమిటంటే, పేజీ సమాచారం ఒక ఫైలులో ఉంటుంది, అది ఏ యాప్‌లో ఏ ప్రొఫైల్‌కు అన్న కేటాయింపు మాత్రం యాప్‌కు చెందిన మెటాడేటాలో (అమరిక వివరాలలో), ప్రొఫైల్ యాక్షన్ ఓవర్‌రైడ్స్ అనే భాగంలో ఉంటుంది. కాబట్టి పేజీతో పాటు ఆ యాప్‌ను కూడా చేంజ్ సెట్‌లో చేర్చాలి. కస్టమ్ పర్మిషన్, దానిని మోసే పర్మిషన్ సెట్, లిస్ట్ వ్యూలు, డ్యాష్‌బోర్డు, రిపోర్టులు, వాటి ఫోల్డర్లు కూడా ఈ పేజీ ఆధారపడినవే. వీటిలో ప్రొడక్షన్‌లో ఇంకా లేనివి కూడా వెంట వెళ్లాలి. యాప్ మెటాడేటాను పంపడంలో ఒక చిన్న ప్రమాదం ఉంది. శాండ్‌బాక్స్ తీసుకున్న తరువాత ప్రొడక్షన్‌లో ఎవరైనా ఆ యాప్ నావిగేషన్‌ను మార్చి ఉంటే, మీరు పంపిన పాత వరుస దాన్ని తుడిచిపెట్టవచ్చు. కేటాయింపులు నాలుగైదుకు మించకపోతే, పేజీని మాత్రమే పంపి, యాక్టివేషన్‌ను ప్రొడక్షన్‌లో చేత్తో చేయడమే ఎక్కువ సురక్షితమని నేను భావిస్తాను. ఏ పద్ధతి పాటించినా, పంపిన తరువాత ప్రతి పేజీ యాక్టివేషన్ తెరను ప్రొడక్షన్‌లో తెరిచి, మీ దగ్గర రాసిపెట్టుకున్న పట్టికతో సరిచూసుకోండి.

సంస్థ బయటి డీలర్లకు ఎక్స్‌పీరియన్స్ క్లౌడ్ సైట్ (బయటివారు లాగిన్ అయ్యేందుకు సేల్స్‌ఫోర్స్ మీద తయారు చేసే వెబ్‌సైట్) ఉంటే, వారి విషయంలో ఇప్పటివరకు చెప్పిన యాక్టివేషన్ పనిచేయదు. అక్కడ ఎక్స్‌పీరియన్స్ బిల్డర్‌లో ఒకే పేజీకి వేర్వేరు వేరియేషన్లు చేసి, ఒక్కోదాన్ని ఒక్కో ఆడియన్స్‌కు కేటాయిస్తారు. ప్రొఫైల్, ప్రాంతం వంటి ప్రమాణాలతో ఆ ఆడియన్స్‌ను నిర్వచించవచ్చు.

చివరిగా ఒక నిర్వహణ విషయం. ఒక బృందమే రద్దయినా, రెండు బృందాలు కలిసిపోయినా పాత పేజీని ఉన్నపళంగా తొలగించే ప్రయత్నం చేయవద్దు. ముందు దాని యాక్టివేషన్ తెరలో కేటాయింపులను తీసివేసి, ఆ యూజర్లు కింది అంచెలోని ఏ పేజీకి చేరుకున్నారో ఒకరిగా లాగిన్ అయి చూసి, రెండు వారాలు ఆగిన తరువాత తొలగించండి. ఈలోపు ఎవరైనా పాత పేజీ కావాలని వస్తే, తిరిగి కేటాయించడం రెండు నిమిషాల పని.